డబ్బా మీద 24/192 అని ఉంటే లోపల ఏముంటుంది? హై-రెజ్ క్లాసికల్, జాజ్ రికార్డింగుల వంశావళి

2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ ధ్వని, అంటే ఏమీ పారేయకుండా దాచిన ధ్వని, ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరులో స్పాటిఫై కూడా అదే బాట పట్టింది. ఇప్పుడు పాట పేరు పక్కన లాస్‌లెస్ అని ఒకచోట, హై-రెజ్ లాస్‌లెస్ అని మరోచోట, 24-బిట్/192 కిలోహెర్ట్జ్ అని ఇంకోచోట ముద్రలు కనిపిస్తున్నాయి. అంకె పెద్దదైతే శబ్దం కూడా అంత మేలుగా ఉంటుందని సహజంగానే అనుకుంటాం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్ వినేవాళ్లు ఈ అంకెల వెంట మరీ పడతారు. అందుకు కారణం ఉంది. అక్కడ వాయించేవి ఎక్కువగా కరెంటుతో పనిలేని వాయిద్యాలు. ఒకే సింఫనీలో ఒంటరి వేణువు నిట్టూర్పూ ఉంటుంది, తొంభై మంది ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టమూ ఉంటుంది. సినిమా పాటలా మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టిదనంలో ఉండదు.

అంకెల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ సంగీతాన్ని మొదట ఏ ఏడు, దేని మీద రికార్డు చేశారు?

రెండు అంకెలూ చెప్పేది ఏమిటి

మొదటి అంకె బిట్ డెప్త్. ప్రతి క్షణంలో శబ్దం గట్టిదనాన్ని ఎంత సూక్ష్మంగా కొలిచారో అది చెబుతుంది. ఒక్కో బిట్ దాదాపు 6 డెసిబెల్ పరిధి ఇస్తుంది కాబట్టి 16 బిట్లకు 96 డెసిబెల్, 24 బిట్లకు 144 డెసిబెల్. కొలతలో మిగిలిపోయే సన్నని రొదకూ, పట్టగలిగే అత్యంత గట్టి శబ్దానికీ మధ్య దూరం అది.

రెండో అంకె శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్నది. 1982లో వచ్చిన సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ ఖాయం చేశారు. కొలిచే రేటులో సగం కన్నా తక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దం మాత్రమే పట్టుబడుతుంది. 44.1లో సగం 22.05 కిలోహెర్ట్జ్. మనిషి చెవి పైహద్దు కుర్రతనంలో సుమారు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అది ఇంకా దిగుతుంది. అప్పటి డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద దాచేవారు. ఆ యంత్రాల లెక్కకు కుదిరినందుకే 44.1 అనే వింత సంఖ్య వచ్చింది.

ఇక్కడే ఒక పెద్ద అపోహ. డిజిటల్ అంటే మెట్లు మెట్లుగా ఉండే తరంగమనీ, రేటు పెరిగే కొద్దీ మెట్లు చిన్నవై నునుపు వస్తుందనీ ప్రకటనల్లో బొమ్మలు గీస్తారు. అది నిజం కాదు. ఆ హద్దుకు లోబడిన శబ్దం కొలత బిందువుల నుంచి యథాతథంగా, మధ్య వంపులతో సహా, తిరిగి పుడుతుంది. రేటు పెంచితే హద్దు పైకి జరుగుతుంది. హద్దు లోపల ఉన్నది ఏమీ నునుపెక్కదు.

లాస్‌లెస్ అంటే ఫైలును ముడిచి చిన్నది చేసినా, విప్పితే ఒక్క బిట్ కూడా తేడా రాకపోవడం. ఫ్లాక్, ఆపిల్ వారి అలాక్ ఈ కోవవి. ఎంపీ3, ఏఏసీ అలా కాదు. చెవి పట్టించుకోదనుకున్నదాన్ని అవి పారేస్తాయి. హై-రెజ్ అనే మాటకు 2014లో అమెరికా పరిశ్రమ సంఘాలు, రికార్డు కంపెనీలు కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి. దాని సారాంశం ఇది: సీడీని మించిన మూలం నుంచి తయారైన లాస్‌లెస్ ధ్వని. మూలం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, గొడవంతా దానిలోనే ఉంది.

ఇక డీఎస్‌డీ అనే మరో డిజిటల్ పద్ధతి ఉంది. 1999లో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) డిస్కు కోసం పుట్టింది. బిట్ ఒక్కటే, కానీ సెకనుకు 28 లక్షల 22 వేల 400 సార్లు కొలుస్తుంది. అంటే సీడీ రేటుకు 64 రెట్లు. ఒక్క బిట్‌తో వచ్చే రొదను చెవికి అందని పై పౌనఃపున్యాల్లోకి నెట్టేస్తుంది. ఆ నెట్టిన రొద తర్వాత మనకు ఒక ఆనవాలుగా పనికొస్తుంది.

ఒక గంట సంగీతం ఎంత చోటు తింటుంది

లెక్క తేలిక. శాంప్లింగ్ రేటును బిట్లతో, ఆపైన రెండు చానెళ్లతో గుణిస్తే చాలు. సీడీకి 44,100 × 16 × 2, సెకనుకు 14 లక్షల 11 వేల బిట్లు. గంటకు 635 ఎంబీ. 24/96 అయితే గంటకు సుమారు 2.07 జీబీ, 24/192 అయితే 4.15 జీబీ. ఫ్లాక్ చేస్తే ఇవి రమారమి సగానికి దిగుతాయి. ఆర్కెస్ట్రా గోలలో తక్కువ దిగుతాయి, ఒంటరి పియానోలో ఎక్కువ. రోజుకు 1.5 జీబీ మొబైల్ ప్యాక్ మీద 24/192లో మాహ్లర్ సింఫనీ పెడితే చివరి భాగం రాకముందే డేటా అయిపోతుంది. 256 కేబీపీఎస్ ఏఏసీలో అదే గంటకు 115 ఎంబీ చాలు.

1954 టేపు ముందు 1983 డిజిటల్ ఎందుకు వెలవెలబోతుంది

పాతదానికన్నా కొత్తది మెరుగన్న మామూలు లెక్క ఇక్కడ తలకిందులవుతుంది.

1954 మార్చిలో షికాగో ఆర్కెస్ట్రా హాల్లో ఫ్రిట్జ్ రైనర్ నిర్వాహకుడిగా (కండక్టర్‌గా) ఆర్‌సీఏ సంస్థ రికార్డు చేసిన రిచర్డ్ స్ట్రాస్ ‘జరథుస్త్ర’ రెండు ట్రాకుల అనలాగ్ టేపు మీద ఉంది. టేపుకు శాంప్లింగ్ హద్దు లేదు. మైకు పట్టింది, యంత్రం రాసింది ఎంత పైకి వెళ్తే అంత ఉంటుంది, పైకి పోయే కొద్దీ క్రమంగా సన్నగిల్లుతుంది. అలాంటి టేపును ఇవాళ మంచి యంత్రం మీద 24/192లో బదిలీ చేస్తే, సీడీలో పట్టని భాగం కొంతైనా నిజంగానే ఫైల్లోకి వస్తుంది. టేపు బుసబుస మాత్రం ఉంటుంది. ఆ రోజుల టేపు పరిధి సుమారు 60 నుంచి 70 డెసిబెల్, అంటే 10 నుంచి 12 బిట్లకు సమానం. 24 బిట్లలో సగం బిట్లు ఆ బుసను అత్యంత శ్రద్ధగా భద్రపరుస్తాయన్నమాట.

తర్వాత డిజిటల్ వచ్చింది. 1972లో జపాన్‌లో డెనాన్ సంస్థ 13 బిట్ల యంత్రంతో స్మెటానా క్వార్టెట్‌ను రికార్డు చేసింది. 1978లో అమెరికాలో టెలార్క్ సంస్థ 16 బిట్లు, 50 కిలోహెర్ట్జ్ సౌండ్‌స్ట్రీమ్ యంత్రం వాడింది. ఆపైన 1980లంతా పెద్ద కంపెనీల మాస్టర్లు (ప్రతులన్నిటికీ మూలమైన రికార్డింగులు) ఎక్కువగా 16 బిట్లవే, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ రేటువే. 1990ల మధ్యకు 20, 24 బిట్లు వచ్చినా రేటు చాలాచోట్ల అక్కడే ఆగింది. 96, ఆపై రేట్లు అలవాటులోకి వచ్చింది ఆ దశాబ్దం చివర్లోనే.

అందువల్ల 1983 నాటి 16-బిట్ డిజిటల్ మాస్టర్‌ను 24/192 ఫైలుగా అమ్మితే, గ్లాసెడు మజ్జిగను బిందెలో పోసినట్టే. బిందె పెద్దదే, మజ్జిగ గ్లాసెడే. టెలార్క్ పాత మాస్టర్ల సంగతి మాత్రం కాస్త వేరు. అసలు 50 కిలోహెర్ట్జ్‌లో ఉన్నవాటిని సీడీ కోసం 44.1కి దించారు. తర్వాత అసలు టేపుల నుంచి వచ్చిన ఎస్‌ఏసీడీల్లో 25 కిలోహెర్ట్జ్ దాకా ఉన్నది మిగలగలిగింది. చిన్న లాభమే, అయినా నిజమైన లాభం.

సీడీ వెనక అట్ట మీద ఏఏడీ, ఏడీడీ, డీడీడీ అని మూడక్షరాల సంకేతం చూసే ఉంటారు. మొదటి అక్షరం రికార్డింగుది, రెండోది మిక్సింగ్‌ది, మూడోది మాస్టరింగ్‌ది, అంటే విడుదలకు ముందు దిద్దే తుది మెరుగులది. ఏ అంటే అనలాగ్, డీ అంటే డిజిటల్. ఒకప్పుడు డీడీడీ ఉంటే గొప్ప. హై-రెజ్ వెతికేవాడికి మాత్రం 1980ల డీడీడీ హెచ్చరిక, ఏడీడీ ఆశ.

శ్రుతి తప్పిన టేపు, వేడిచేసిన టేపు

మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. మార్చి సెషన్లో అసలు యంత్రం కాస్త నెమ్మదిగా నడిచింది. దాన్ని సరైన వేగంలో ఆడిస్తే సంగీతం కొంచెం వేగంగా, శ్రుతి ఎక్కి వినిపిస్తుంది. ఎల్పీ మొదటి వైపున్న మూడు రచనలూ అలాగే మూడు దశాబ్దాలకు పైగా చలామణీ అయ్యాయి. రికార్డుతో కలిసి సాధన చేసినవాళ్లకు తమ వాయిద్యం శ్రుతి ఎందుకు కలవడం లేదో అర్థమయ్యేది కాదు. పక్కనే సరైన వేగంలో నడిచిన రెండో యంత్రం టేపు వాడి 1992 పునర్ముద్రణలో దీన్ని సరిదిద్దారు. ఆ మార్పును మామూలు సీడీలోనే ఎవరైనా వినగలరు. బిట్లతో దానికి పనిలేదు. సరైన టేపు దొరకడమే దాని రహస్యం.

డెక్కా వారి వాగ్నర్ ‘రింగ్’ ఒపేరాల రికార్డింగు మరో రకం పాఠం. గేయోర్గ్ షోల్టి నిర్వహణలో, జాన్ కల్షా నిర్మాణంలో 1958 నుంచి 1965 దాకా వియన్నా సోఫియెన్‌సాల్‌లో దాన్ని రికార్డు చేశారు. 2012లో బ్లూ-రే ఆడియోగా వచ్చినప్పుడు కొత్తగా టేపులు తీయలేదు. 1997లో చేసిన 24/48 బదిలీనే శుభ్రం చేసి ఇచ్చారు, టేపులు పాడయ్యాయన్నారు. పదేళ్ల తర్వాత అవే టేపుల తేమ పోయేలా సన్నని వేడిలో ఉంచి, అతుకులు సరిచేసి, 24/192లో కొత్తగా బదిలీ చేశారు. 2022లో వచ్చింది అది. రెండూ హై-రెజే, రెండింటిలోనూ అదే గానం. రెండో దానిలో మెరుగేదైనా వినిపిస్తే ఆ ఘనత 48కి బదులు 192 అయినందుకే అనలేం. టేపును మళ్లీ పూనికగా చదివారు, రొదను, సమతౌల్యాన్ని మళ్లీ చూసుకున్నారు. ఏ భాగం దేనివల్ల వచ్చిందో బయటి నుంచి విడదీయడం అసాధ్యం. హై-రెజ్ గురించి జరిగే వాదనలు సగం ఈ చిక్కులోంచే పుడతాయి.

అసలుదా, సాగదీసిందా: ఫైలును పరీక్షించడం

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టుండే ఫైళ్లు దుకాణాల్లో లేకపోలేదు. పట్టుకోవడం కష్టం కాదు. డౌన్‌లోడ్ చేసిన ఫైలును స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, రంగులో గట్టిదనం కనిపిస్తాయి.

పాట పొడవునా 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉండి పైన నలుపే ఉంటే, అది 44.1 నుంచి సాగదీసినది. కోత 24 దగ్గరుంటే మూలం 48. తాళాలు మోగినప్పుడు వెలుగు 30, 40 దాకా ఎగసి మెల్లగా కరిగిపోతే నిజమైన అధిక రేటు రికార్డింగ్ కావచ్చు. 25, 30 పైన పాటతో సంబంధం లేకుండా మంచు తెరలా రొద పెరుగుతూ పోతే మూలం డీఎస్‌డీ అనుకోవచ్చు. ఇందాక చెప్పిన నెట్టేసిన రొద అదే.

తొందరపడి తీర్పు చెప్పకూడని సందర్భమూ ఉంది. ఒంటరి సెల్లో నెమ్మదిగా వాయిస్తే 20 పైన ఏమీ ఉండకపోవచ్చు. పాత మైకులు కూడా అక్కడికి చేరేసరికి చతికిలపడతాయి. చూడాల్సింది పైన ఖాళీ ఉందా అని కాదు. ఆ ఖాళీ గోడలా మొదలైందా, వాలులా మొదలైందా అని. జాజ్‌లో ఈ పరీక్ష తేలిక. డ్రమ్స్ తాళం గట్టిగా కొడితే దాని శక్తిలో గణనీయమైన భాగం 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉండగలదని కొలతల్లో తేలింది.

నిజంగా వాడిన బిట్ డెప్త్ ఎంతో స్పెక్ బొమ్మలో కనిపించదు. దానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. ముందు ప్రాజెక్ట్ రేటును ఫైలు రేటుకు సమానం చేయండి, లేకపోతే అది తనంతట రేటు మార్చేస్తుంది. ప్రిఫరెన్సుల్లో డిథర్‌ను (బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే సన్నని రొదను) తీసేయండి. ఫైలును 16-బిట్‌గా ఎగుమతి చేసి, అసలుదాని పక్కన మళ్లీ తెరిచి, ఒకదాని తరంగాన్ని తలకిందులు (ఇన్వర్ట్) చేసి రెండూ కలపండి. మిగిలింది పూర్తి నిశ్శబ్దమైతే 24 బిట్లలో 8 బిట్లు ఉత్త సున్నాలు. అయితే మాస్టరింగులో ధ్వని స్థాయిని ఏమాత్రం మార్చినా ఆ 8 బిట్లూ లెక్కల తోకలతో నిండిపోతాయి. కాబట్టి ఈ పరీక్షలో దొరికితే దొంగే, దొరక్కపోతే దొర అని మాత్రం అనలేం.

స్ట్రీమింగ్‌లో ఫైలు చేతికి రాదు కనుక ఈ పరీక్షలు కుదరవు. అక్కడ వంశావళి ఒక్కటే దిక్కు.

వెతకడం: ఒకే తొమ్మిదో సింఫనీ, మూడు జవాబులు

యాప్‌లన్నీ కళాకారుడు, ఆల్బమ్, పాట అనే మూడు గడుల మీద కట్టినవి. సింఫనీకి స్వరకర్త, నిర్వాహకుడు, ఆర్కెస్ట్రా, రికార్డింగ్ సంవత్సరం కావాలి. నిర్వాహకుడు కరయన్ పేరు, బీథోవెన్ తొమ్మిదో సింఫనీ, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అని కొడితే డాయిచె గ్రామఫోన్ సంస్థ నుంచే మూడు వేర్వేరు వలయాల (తొమ్మిది సింఫనీలనూ వరసగా చేసిన సెట్ల) రికార్డింగులు వస్తాయి. 1961-62 నాటిది బెర్లిన్ యేసుక్రీస్తు చర్చిలో చేసిన అనలాగ్. 1975-77 నాటిది ఫిల్హార్మోనీ హాల్లో చేసిన అనలాగ్. 1982-84 నాటిది అదే హాల్లో చేసిన డిజిటల్. హై-రెజ్ ముద్ర మొదటి రెండింటికి అర్థవంతం. మూడోదాని మీద 24/192 కనిపిస్తే అనుమానించాలి. ఆ వాయింపు మీకు నచ్చితే దాన్నే వినండి, మామూలు సీడీ నాణ్యత దానికి సరిపోతుంది.

యాప్ చూపించే సంవత్సరాన్ని నమ్మకండి. 1959 జాజ్ ఆల్బమ్ పక్కన 2013 అని ఉంటే అది ఆ ఫైలు విడుదలైన ఏడు. అసలు తేదీ, స్థలం, ఇంజినీరు పేరు బుక్‌లెట్లో ఉంటాయి. 2023లో వచ్చిన ఆపిల్ మ్యూజిక్ క్లాసికల్ యాప్ ఈ వెతుకులాట కోసమే చేసినది. ఒక రచన పేజీ తెరిస్తే దాని రికార్డింగులన్నీ వరసలో వస్తాయి. జాజ్‌కు అలాంటిది లేదు. సెషన్ తేదీలతో కూడిన డిస్కోగ్రఫీలే ఆధారం.

కొత్త రికార్డింగులకు సంస్థ పేరుతో వెతకడం దగ్గరి దారి. నార్వేకు చెందిన 2ఎల్ చర్చిల్లో, 352.8 కిలోహెర్ట్జ్ రేటులో రికార్డు చేస్తుంది. నెదర్లాండ్స్ వారి చానెల్ క్లాసిక్స్ డీఎస్‌డీ దారి పట్టింది. స్వీడన్ వారి బిస్ తన బుక్‌లెట్లలో మైకుల పేర్లు, రికార్డింగ్ ఫార్మాట్ కూడా అచ్చు వేస్తుంది. ఈ అలవాటు అందరికీ ఉంటే ఈ వ్యాసంలో సగం అక్కర్లేకపోయేది. 2ఎల్ తన సైట్లో ఒకే రికార్డింగును సీడీ రేటు నుంచి పైదాకా పలు ఫార్మాట్లలో ఉచితంగా ఇస్తుంది. పోల్చి చూసుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన సరుకు అరుదు.

దారిలో ఎక్కడ పోతుంది

ఫైలు అసలుదైనా చెవిదాకా చేరకపోవచ్చు. మామూలు బ్లూటూత్ లాస్‌లెస్ కాదు. సోనీ వారి ఎల్‌డాక్ అనే మేలురకం బ్లూటూత్ పద్ధతి కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్‌లో కొంత పారేసే పంపుతుంది. 24/96కు కావలసింది 4608. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఏది వచ్చినా 48 కిలోహెర్ట్జ్‌కు మార్చేస్తాయి. దాన్ని తప్పించాలంటే బయటి యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ అంకెలను అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం), దానితో నేరుగా మాట్లాడే ప్లేయర్ కావాలి. ఆపిల్ వారి చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్ 24/48 దగ్గర ఆగుతుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో రేటును చేత్తో మార్చుకోవాల్సి రావచ్చు.

చెవికి తెలుస్తుందా

ఇద్దరి వాదనలోనూ బలముంది. సీడీ చాలుననేవారి లెక్క ఇది. ఇంటి గదిలోనే 30 డెసిబెల్ రొద ఉంటుంది. దానిపైన 96 వేస్తే 126, చెవి నొప్పి పెట్టే స్థాయి. 20 కిలోహెర్ట్జ్ పైన వినలేం. పైగా ఆ అతిధ్వనులు ఆంప్లిఫయర్‌లో, స్పీకర్లో ఒకదానితో ఒకటి కలిసి వినిపించే పరిధిలో చెత్త పుట్టించవచ్చు. 24 బిట్లు స్టూడియోలో అవసరమే, అక్కడ ఎవరు ఎప్పుడు గట్టిగా వాయిస్తారో తెలియక స్థాయి తగ్గించి రికార్డు చేస్తారు. తుది ఫైలుకు ఆ అవసరం లేదంటారు. ఎక్కువ కావాలనేవారు ఫిల్టర్ల సంగతి ఎత్తుతారు. 20 నుంచి 22 లోపు నిట్టనిలువుగా కోయాల్సి రావడం వల్ల సమయపరంగా చిన్న అలలు మిగులుతాయి. 96లో ఆ కోతను తీరిగ్గా వాలుగా చేయవచ్చు. నేటి కన్వర్టర్లు ఈ బాధను చాలా తగ్గించాయి, పూర్తిగా పోయిందా అన్నదే తగవు.

2007లో మేయర్, మోరాన్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎస్‌ఏసీడీ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ నాణ్యత గుండా దాటించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, అంటే 49.8 శాతం. నాణెం ఎగరేసినా అంతే. దానిమీద వచ్చిన గట్టి విమర్శ మనకు తెలిసిన కథే. వాడిన డిస్కుల్లో కొన్నింటి మూలాలే హై-రెజ్ కావు. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి చూస్తే 52.3 శాతం తేలింది. చిన్నదే, కానీ యాదృచ్ఛికం అనలేనిది. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతల్లో అది 60 శాతం దాకా వెళ్లింది. ఒకరు దీన్ని ‘తేడా ఉందని రుజువైంది’ అని చదువుతారు, ఇంకొకరు ‘శిక్షణ ఇచ్చినా పదింట నాలుగు తప్పు’ అని చదువుతారు.

2022లో మరో సంగతి బయటపడింది. పూర్తి అనలాగ్ అని శ్రోతలు నమ్మి, ఖరీదు పెట్టి కొన్న మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ మెట్టు ఉందని తెలిసింది. డిజిటల్ వాసన ఇట్టే పసిగడతామనేవాళ్లు కొన్నేళ్లపాటు వాటినే మెచ్చుకున్నారు. వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది.

మీ చెవిని మీరే పరీక్షించుకోవచ్చు. ఒక 24/96 ఫైలు తీసుకుని 16/44.1కి డిథర్‌తో దించి, మళ్లీ 24/96కు ఎక్కించండి. దీనివల్ల రెండు ఫైళ్లకూ మూలం ఒకటే అవుతుంది, డాక్ రేటు మారినప్పుడు వచ్చే టిక్ శబ్దం కూడా జవాబు చెప్పేయదు. దుకాణంలో విడిగా దొరికే సీడీతో పోల్చవద్దు, దాని మాస్టరింగ్ వేరై ఉండవచ్చు. సగం డెసిబెల్ గట్టిగా ఉన్నదే మేలనిపిస్తుంది కనుక రెండు స్థాయిలూ 0.1 డెసిబెల్ లోపు కలవాలి. ఫూబార్2000 అనే ప్లేయర్లో ఏబీఎక్స్ అనే ఉచిత అనుబంధం ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది. 16 సార్లు ఊహించండి, ఎన్నిసార్లని ముందే నిర్ణయించుకుని మధ్యలో ఆపకండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరైతే, గుడ్డిగా చెప్పినా అలా వచ్చే అవకాశం 3.8 శాతమే. 11 వస్తే అది 10.5 శాతం.